చిన్నాయన గుండు, నా మామిడి జీడి క్రీము

ఆ రోజుల్లో నాకు ప్రతి చెట్టూ ఒక సీసాలాగే కనపడేది. ఆ రోజులంటే మరీ తాతల కాలమేమీ కాదు. అందరి చేతుల్లో ఫోన్లు, అన్ని ఫోన్లలో క్రీముల ప్రకటనలు ఉన్న కాలమే. ఫార్మసీ చదువు అప్పుడే ముగించి, తిరుపతి శివార్లలో నలుగురు పనిచేసే ఒక చిన్న క్రీముల యూనిట్లో చేరాను. ఆ నలుగురిలో పరిశోధన విభాగం మొత్తం నేనే. (విభాగం ఆస్తులు: ఒక స్టూలు, ఒక తూకం మిషను, తలుపు సరిగ్గా మూసుకోని ఒక ఫ్రిజ్.) దానిమ్మ తొక్క చూస్తే దాన్ని నీళ్ళలో నానబెట్టాలా, స్పిరిట్‌లో నానబెట్టాలా అని ఆలోచించేవాణ్ణి. అమ్మ ముదురు కరివేపాకు ఏరి పారేయబోతే, "అందులో యాంటీ ఆక్సిడెంట్లు ఉంటాయమ్మా" అని చెత్తబుట్టకు అడ్డంగా నిలబడేవాణ్ణి. అవ్వ అరుగు మీది నుంచి, "వాడికి ఆకలేస్తాందేమో సూడు మే, ఆకులు అడగతా ఉండాడు" అనేది.

యాంటీ ఆక్సిడెంట్లంటే ఏమిటో ఇంట్లోవాళ్ళకు నేను చెప్పిన పద్ధతిలోనే చెబుతాను. కోసి పెట్టిన వంకాయ ముక్క గాలికి నల్లబడుతుంది కదా. ఎండకూ పొగకూ మన చర్మంలోనూ అలాంటి గొడవే నడుస్తుంటుంది. కొన్ని మొక్కల రసాల్లో ఉండే పదార్థాలు ఆ దెబ్బ తాము తిని, పక్కనున్న చర్మాన్ని కాపాడతాయి. అంతే. ఈ ఉపన్యాసం ఇంట్లో చివరిదాకా విన్నది ఒక్క మా చిన్నాయనే. విని, "పాపం, మంచివేరా" అన్నాడు.

నేను ఎన్నుకున్న మొక్క మామిడి. చిత్తూరు వైపు ఎండాకాలంలో ప్రయాణం చేసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర బస్సు కిటికీ మూసినా తెరిచినా ఒకటే వాసన. గుజ్జు డబ్బాల్లోకి పోతుంది, టెంకలు ట్రాక్టర్లలో గుట్టలకు పోతాయి. ఆ టెంక పగలగొడితే లోపల తెల్లటి జీడి ఉంటుంది. కొరికితే నాలుక మొద్దుబారేంత వగరు. ఆ వగరులోనే ఉంది సరుకంతా. ఒక గోనెసంచి టెంకలు తెచ్చి, జీడి తీసి, ఎండబెట్టి, దంచి, నానబెట్టి, వడగట్టి, చివరికి గోధుమరంగు పొడి చేసి క్రీములో కలిపాను. పలచటి కాఫీ రంగులో వచ్చింది. మా యూనిట్ ఓనరు వేలితో తీసి, వాసన చూసి, మోచేతికి రాసుకొని, "బాగుండాదప్పా. అయితే మనిషి మీద పని చేసినట్టు సూపిచ్చు. సూపిస్తే ఇదే మన కొత్త సరుకు" అన్నాడు.

మనిషి కావాలి. మామూలు మనిషి కాదు. నా తలలోని లిస్టు ప్రకారం ఆ మనిషికి ఉండాల్సినవి: ఒకటి, ఎండ సమానంగా పడే చర్మం. రెండు, ఎడమ సగం, కుడి సగం ఒకేలా ఉండడం (ఒక సగానికి జీడి రసం కలిపిన క్రీము, రెండో సగానికి రసం లేని ఉత్త క్రీము పూసి తేడా చూడాలి). మూడు, చెప్పినట్టు వినే గుణం. మొదటి రెండూ చాలామందికి ఉన్నాయి. మూడోది మా బంధువర్గంలో ఎవరికీ లేదు. అమ్మను అడిగితే, "సగం మొగానికి పూసుకొని ఇంకో సగాన్ని యాడ పెట్టుకోవాల్రా" అంది. నాయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే చిన్నాయన గుండుతో ఇంటికొచ్చాడు.

చిన్నాయన గురించి కొంచెం చెప్పాలి. నాయనకు తమ్ముడు, మాతోనే ఉండేవాడు. పాడైన మోటార్లకు రాగి తీగ చుట్టే షాపు ఆయనది. ముప్పై అయిదు దాటినా పెళ్ళి కాలేదు. ఎన్ని సంబంధాలు వచ్చినా, చూసి వెళ్ళినవాళ్ళు చివరికి ఒకే మాట చెప్పి పంపేవాళ్ళు: "అబ్బాయి జుట్టు మాత్రం బాగుండాది." నిజంగానే అది మంచి జుట్టు. వెనక జేబులో ఎప్పుడూ ఒక దువ్వెన, దారిలో ఆగిన ప్రతి బైకు అద్దంలో ఒకసారి సవరింపు. ఆయన కొండమీది స్వామికి మొక్కుకున్నాడు, సంబంధం కుదిరితే తలనీలాలు ఇస్తానని. నగరిలో ఒక అమ్మాయితో జాతకాలు కలిసినాయని మధ్యవర్తి ఫోన్ చేశాడు. జాతకాలు మాత్రమే. ఇంకా చూపులు కాలేదు, మాటలు కాలేదు. మావాడు ఫోన్ పెట్టేసి, షట్టరు దించి, నేరుగా కొండెక్కి జుట్టు ఇచ్చేసి వచ్చాడు.

అవ్వ తల పట్టుకుంది. "పెండ్లి అయినాంక ఇస్తార్రా ఎవరైనా! ఉన్నింది అదొక్కటే గదరా నీకు!"

"దేవుణ్ణి కాచుకోబెట్టకూడదు మా" అన్నాడు చిన్నాయన, నెత్తి మీది గంధం ఆరుతుండగా.

ఆదివారం చూపులు. అమ్మాయివాళ్ళ దగ్గర ఉన్నది జుట్టున్న ఫోటో. నాయన వెంటనే నగరికి ఫోన్ చేసి, "మావాడు మొక్కు తీర్చుకున్నాడు, గుండుతో వస్తాడు, మీరేమీ అనుకోవద్దు" అని చెప్పేశాడు. వాళ్ళూ మంచిదేనన్నారు. మా వైపు గుండుకు ఎవరూ రెండోసారి తిరిగి చూడరు. తిరుపతి బస్సుల్లో సగం తలలు అవే. చిక్కు అది కాదు. ఇన్నేళ్ళూ జుట్టు కింద నీడలో దాగిన నెత్తి తెల్లగా ఉంది, మొహం మోటార్ల షాపు ఎండకు నల్లగా ఉంది. జూన్ ఎండకు ఆ తెల్లనిది కాలి, ఎర్రబడి, పొట్టు లేస్తే ఆదివారానికి ఎలా ఉంటాడు? ఈ సంబంధం కూడా పోతే ఇంక చూడనని ఆయన అవ్వతో ముందే చెప్పేశాడు. అది మాత్రం నవ్వుతూ చెప్పలేదు.

అద్దం ముందు నిలబడి నా వైపు తిరిగాడు. "రేయ్ లిస్టూ (ఇంట్లో నా పేరు అదే), నువ్వేందో ఎండకు మందు సేస్తివంటనే. దీనికి పనికొస్తాదా?"

నేను ఆయన మాట వినలేదు. ఆయన నెత్తిని చూస్తున్నాను. నున్నగా, గుండ్రంగా, వెంట్రుక అడ్డం లేకుండా, ఎడమా కుడీ అచ్చం ఒకేలా, రెండు సగాలకూ ఒకే ఎండ, ఒకే తిండి, ఒకే దిగులు. ఇంతకంటే మంచి ప్రయోగశాల ఏ దేశంలోనూ ఉండదనిపించింది. పైగా చెప్పినట్టు వినే గుణం.

గంధం కడిగించాను. (అవ్వ, "గుండుకు గంధం పూస్తార్రా, అది సలవ" అంది. "సాక్ష్యం లేదవ్వా" అన్నాను. ఆ మాట మీద అవ్వ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.) నుదుటి నడుమ నుంచి మెడ వెనక దాకా నూలు దారం బిగించి పట్టి, పెన్సిలుతో గీత గీశాను. ఎడమ పక్క జీడి రసం క్రీము, కుడి పక్క ఉత్త క్రీము. నియమాలు చెప్పాను: నూనె రాయకూడదు, సబ్బు తాకకూడదు, టోపీ పెట్టకూడదు, ఆదివారం దాకా తల తడపకూడదు. పూట పూటకూ కొత్తగా పూశాను. చిన్నాయన ఒక్కసారే అడిగాడు, "రెండు పక్కలా మంచిదే పూయొచ్చు గదరా" అని. అలా పూస్తే తేడా ఎలా తెలుస్తుందని వివరించాను. "అట్లనా. సరే, నీ పని చెడకూడదులే" అని షాపుకు పోయి, కావాలనే ఎండలో కూర్చొని మోటార్లు విప్పాడు. ఎందుకంటే ఎండ తగలకపోతే పరీక్షే లేదని నేనే చెప్పాను.

ఆదివారం నాయన, చిన్నాయన, నేను పుత్తూరు మీదుగా నగరి బస్సెక్కాం. నిలబడడానికే చోటు దొరికింది. దిగేసరికి ముగ్గురమూ చెమటకు తడిసిపోయాం. అమ్మాయివాళ్ళ వీధంతా మరమగ్గాల చప్పుడు. ఆదివారమైనా ఏదో ఒక ఇంట్లో ఆడుతూనే ఉన్నాయి. వాకిట్లో అమ్మాయి నాయన ఎదురొచ్చి, "రండప్పా రండి, కాళ్ళు కడుక్కోండి" అని చెంబు చేతికిచ్చాడు. పక్కనే బోరు నీళ్ళు పట్టిన ఇనుప డ్రమ్ము ఉంది. లోపలంతా తుప్పు, నీళ్ళు టీ రంగు. నాయన కాళ్ళు కడుక్కున్నాడు. నేను కడుక్కున్నాను. చిన్నాయన కాళ్ళు కడుక్కొని, మొహం కడుక్కొని, ఆ చల్లదనానికి ప్రాణం లేచొచ్చి, "అబ్బా!" అంటూ రెండు చెంబులు నెత్తిన కుమ్మరించుకున్నాడు. నేను వద్దు అనేలోపలే అయిపోయింది.

ఇక్కడ రెండు ముక్కలు రసాయనశాస్త్రం చెప్పక తప్పదు. వగరు పదార్థానికి ఇనుము తగిలితే సిరా తయారవుతుంది. పూర్వం కరక్కాయ, ఇనుము కలిపి సిరా చేసుకున్నది ఇలాగే. ఇది నాకు పరీక్షలో వచ్చింది, మార్కులు కూడా పూర్తిగా వచ్చాయి. కానీ పరీక్షలో ఇచ్చింది గాజు గొట్టం, చిన్నాయన తల కాదు. నా కళ్ళ ముందే ఆయన ఎడమ సగం ముందు బూడిదరంగుకు, తర్వాత నీలానికి, తర్వాత పోలీసోళ్ళ కురచ క్రాపులాగా మంచి నలుపుకు తిరిగింది. కుడి సగం ఎర్రటి గుండుగానే ఉంది. మధ్యలో నా గీత.

తువ్వాలుతో తుడిచాను. తువ్వాలు నల్లబడింది, తల మాత్రం తెల్లబడలేదు. "ఏందిరా అంత గట్టిగా రుద్దతావు?" అన్నాడు చిన్నాయన. "నీళ్ళు, చిన్నాయనా" అన్నాను. (అబద్ధం కాదు.) నాయన చూశాడు. ఆయన నోరు తెరిచి, అమ్మాయి నాయన పక్కనే ఉన్నందువల్ల, మూసుకున్నాడు. నా తలలో లిస్టు మొదలైంది: ఒకటి, నిజం చెప్పడం. రెండు, నిమ్మకాయ అడగడం. మూడు, బస్సెక్కడం. మూడూ పూర్తయ్యేలోగానే చిన్నాయన లోపలికి నడిచి, గది మధ్యలో వేసిన కుర్చీలో హాయిగా కూర్చున్నాడు. అప్పుడే నేను కూడా మొక్కుకున్నాను. స్వామీ, ఈ సంబంధం గనక కుదిరితే నా జుట్టు కూడా నీకే.

ఆయనకు ఎడమ పక్కన మంచం మీద అమ్మాయి అవ్వ. కుడి పక్కన వంటింటి గుమ్మంలో అమ్మాయి అమ్మ. ఇద్దరూ అత్తాకోడళ్ళు. అవ్వకు కొత్తగా కంటి ఆపరేషన్ అయింది, నల్లద్దాలు తీసి, తేరిపార చూసి, "గుండు అన్నారే. మాప్పిళ్ళకు జుట్టు ఉండాది గదా!" అంది. (నగరి వైపు పెళ్ళికొడుకును మాప్పిళ్ళ అంటారు.)

గుమ్మంలో ఉన్నావిడ చిన్నగా నవ్వి, "యాడుండాది అత్తా, నున్నగా ఉంటే" అంది.

"నల్లగా, కురచగా ఉండాది మే! నాకు కనపడలేదంటావా?"

"ఆపరేషన్ అయిన కండ్లు గదత్తా, అట్లే ఉంటాది కొన్నాళ్ళు."

"అంటే ఆపరేషన్ సరిగ్గా సేయలేదంటావా?" అవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "అయ్యో, డాక్టరు బాగా అయిందనే సెప్పినాడే!"

ముసలావిడ కళ్ళలో నీళ్ళు చూసి చిన్నాయన ఊరుకోలేకపోయాడు. పెద్దావిణ్ణి ఓదార్చడానికి కుర్చీని ఆమె వైపు తిప్పబోయి, ఆ ఊపులో పూర్తిగా వెనక్కి తిప్పేసి, "నిజంగా గుండేనవ్వా, మొన్ననే ఇచ్చినాను. బాగా సూడు" అని తల వంచాడు. ఆ తిరగడంలో కుడి సగం అవ్వకూ, ఎడమ సగం గుమ్మానికీ వెళ్ళిపోయాయి.

అవ్వ చూసింది. చాలాసేపు చూసింది. "అవునప్పా, గుండే" అని కోడలితో, "నువ్వు సెప్పిందే నిజం మే. నా కండ్లే పోయినాయి" అంది.

కోడలు గుమ్మం పట్టుకొని, "లేదత్తా" అంది మెల్లగా. "నువ్వు సెప్పిందే నిజం. జుట్టు ఉండాది."

ఇన్నేళ్ళ కాపురంలో ఆ అత్తాకోడళ్ళు ఒకరి మాట ఒకరు ఒప్పుకోవడం అదే మొదటిసారని తర్వాత తెలిసింది. ఒప్పుకోవడం అయ్యాక మళ్ళీ మొదలుపెట్టారు. "లేదు మే, గుండే." "కాదత్తా, జుట్టే." "నన్ను ఎగతాళి సేస్తాండావా?" "నేనెందుకు సేస్తానత్తా, నాకే తల తిరగతాంది!" అమ్మాయి నాయన మధ్యలో నిలబడి, "గమ్మునుండండి, మాప్పిళ్ళ ముందర!" అన్నాడు. కానీ ఆయన కూడా నెమ్మదిగా ఒక పక్క నుంచి రెండో పక్కకు నడిచి, మళ్ళీ వెనక్కి నడిచి, నీళ్ళు అడిగి తాగాడు. చిన్నాయన మాత్రం అందరూ తన గుండు మీద ఇంత శ్రద్ధ చూపిస్తున్నందుకు సంతోషంగా తల ఇటూ అటూ తిప్పుతున్నాడు.

అప్పుడు కాఫీ తట్టతో అమ్మాయి వచ్చింది. ఆమె నేరుగా ఎదురుగా వచ్చింది కాబట్టి రెండు సగాలూ ఒకేసారి కనపడ్డాయి. ఆగిపోయింది. నాయన నేల చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు చూశాను. ఆమె వాళ్ళింటి మరమగ్గాల పని వాళ్ళ నాయనతోపాటు చూసుకుంటుందని ముందే విన్నాం. తట్ట బల్ల మీద పెట్టి, కొంచెం వంగి, నుదుటి నుంచి వెనక్కి పోయే గీతను చూసి అడిగింది. "మా మగ్గం మీద కూడా రెండు రంగులు ఇంత నేరుగా కలవవు. ఈ గీత ఎవురు గీసినారు?"

క్లాసులో లాగా నా చెయ్యి పైకి లేచింది.

"ఏం గీత?" అన్నాడు చిన్నాయన.

బొట్టుబిళ్ళలు అంటించిన అద్దం ఒకటి గోడకు ఉంది. ఆయన లేచి వెళ్ళి చూసుకున్నాడు. ఎడమ చూశాడు, కుడి చూశాడు. బైకు అద్దంలో జుట్టు సవరించుకునే అలవాటు కొద్దీ చెయ్యి ఎడమ పక్కకు వెళ్ళి, ఏమీ దొరక్క కిందికి దిగింది. పక్కింటి మగ్గం ఆడుతూనే ఉంది. ఆఖరి సంబంధం అన్నాడు, ఆ ఆఖరిదాన్ని నేనే పాడుచేశాను. ఆయన నా వైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను. తిట్టాలి కూడా.

"రేయ్ లిస్టూ" అన్నాడు, "ఎడమ పక్కదే గదా నీ మందు? పని సేసిందా లేదా?"

అందరికంటే ముందు ఆ అమ్మాయి నవ్వింది. తట్ట పట్టుకొచ్చిన పద్ధతి, తల వంచుకున్న పద్ధతి అన్నీ మరిచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని, కుర్చీ వీపు పట్టుకొని నవ్వింది. "ఎందుకొప్పుకున్నారు మీరు దీనికి?" అని అడిగింది.

"వీనికి ఎవురూ తలకాయ ఇయ్యలేదు. మా అన్న కొడుకు గదా, నేను గాక ఎవురిస్తారు?" అన్నాడు చిన్నాయన. "మీరు సూడాల్సిన రోజని తెలిసీ ఇచ్చినాను. అది మాత్రం తప్పే."

ఆమె లోపలికి వెళ్ళింది. వెనకే వాళ్ళ అమ్మ, తడుముకుంటూ అవ్వ, ఆఖరున వాళ్ళ నాయన. నేను కాఫీ తాగలేదు. నాయన రెండు కాఫీలు తాగాడు, అందులో ఒకటి నాది. చిన్నాయన అద్దం వైపు చూడకుండా కూర్చున్నాడు. కొంతసేపటికి అమ్మాయి నాయన బయటికొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"పిల్లకు ఇష్టమేనంటప్పా. ఒగటే అడగమనింది. పెండ్లి నాటికి మాత్రం అంతా ఒగే రంగులో రమ్మని."

ఫలితం సంగతి కూడా చెప్పాలి. చెప్పకపోతే చదువుకున్నవాళ్ళు అడుగుతారు. ఉత్త క్రీము పూసిన కుడి సగం ఎండకు కాలి పొట్టు లేచింది. జీడి రసం పూసిన ఎడమ సగం కాలిందో లేదో ముందు కాఫీ రంగు పూత కింద, తర్వాత నలుపు కింద కనపడలేదు. నలుపు పోయేసరికి వెంట్రుకలు వచ్చేశాయి. కాబట్టి ఫలితం: తెలియదు. మా ఓనరు అంతా విని, "క్రీము వద్దులే అప్పా, జుట్టు రంగు అని అమ్ముదామా?" అన్నాడు. నేను రాజీనామా చేయలేదు కానీ, ఆ సాయంత్రం చేసినంత పనైంది.

ఇప్పుడు తడ దగ్గర ఒక పెద్ద ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. మొక్కల రసాలే నా పని. ఏ క్రీములోనైనా లోహాలను పట్టి కట్టిపడేసే పదార్థం ఒకటి చిటికెడు వేస్తాం. అది ఉంటే ఇనుప నీళ్ళు తగిలినా రంగు మారదు. కొత్తగా చేరినవాళ్ళు దాన్ని ఎందుకు వేస్తామని అడిగితే పుస్తకంలోని కారణం చెబుతాను. వేసే ప్రతిసారీ నాకు కనపడేది మాత్రం నగరిలో ఆ డ్రమ్ము.

అన్నిటికీ లిస్టు రాసుకునే నేను నా మొక్కు మాత్రం లిస్టులో రాయలేదు. పోయిన ఎండాకాలం చిన్నాయన కూతురికి పుట్టువెంట్రుకలు తీయించడానికి అందరం కొండకు వెళ్ళినప్పుడు అది గుర్తొచ్చి, నేనూ కూర్చొని గుండు చేయించుకున్నాను. బయటికొస్తే చిన్నమ్మ, అదే ఆ నగరి అమ్మాయి, గంధం గిన్నెతో నిలబడి ఉంది. ముందు పాప తలకు చల్లగా అంతా పూసింది. తర్వాత నన్ను కూర్చోమంది. నా నుదుటి నడుమ వేలు పెట్టి, వెనక దాకా ఒక గీత గీసి, ఎడమ పక్క మాత్రం గంధం పూసి గిన్నె మూత పెట్టేసింది.

"ఇంకో పక్క చిన్నమ్మా?" అన్నాను.

"అది అట్లే ఉండనీ నాయనా. తేడా తెలియాల గదా" అంది. చిన్నాయన, ఒత్తుగా పెరిగిన జుట్టు దువ్వుకుంటూ, ఫోటో తీశాడు.

ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోనులో ఉంది. సగం పసుపుగా, సగం తెల్లగా ఉన్న గుండుతో నేను నవ్వుతున్నాను. అప్పుడప్పుడూ తీసి చూస్తుంటే, దారం బిగించి పట్టుకొని చిన్నాయన వెనక నిలబడిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాడే గనక ఇప్పుడు నా పక్కన ఉండి ఉంటే, ఫోటో చూసి నవ్వేవాడు కాడు. గీత కొంచెం వంకరగా వచ్చిందనేవాడు.